ఒలివర్ కాన్ స్థానాన్ని యోకహామాలో జారిన ఒక్క బంతితో తేల్చవచ్చా?

గంటస్తంభం (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఉదయం విజ్జీ స్టేడియంలో పిల్లల సాధన ముగిశాక పాత ఆటగాళ్లం నలుగురం చెట్టు నీడన కూర్చుని ఉండగా, పదో తరగతి చదివే ఒక కుర్రవాడు వచ్చి, ప్రపంచ గోల్‌కీపర్లలో మొదటి వరుసలో జర్మనీకి చెందిన ఒలివర్ కాన్‌ను లెక్కించవచ్చా అని అడిగాడు. ముగ్గురు లెక్కించవచ్చు అన్నారు. నేను ఒక్కడినే కాదన్నాను. అక్కడ మాట తెగలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను.

కాన్ గొప్ప గోలీ కాదని నేను అనను. అయితే గోలీ పని మిగతా పదిమంది పని వంటిది కాదు. ముందువరుస ఆటగాడు పది అవకాశాలు పాడుచేసి పదకొండోది గోల్ చేస్తే ఊరు ఊరంతా వాడి మెడలో దండ వేస్తుంది. గోలీ పది బంతులు ఆపి పదకొండోది వదిలితే వదిలిన బంతే మిగులుతుంది. ఇది న్యాయం కాకపోవచ్చు, కానీ ఆ చేతితొడుగులు వేసుకున్నవాడు ఈ షరతుకు ఒప్పుకునే వేసుకుంటాడు. 2002 జూన్ 30న యోకహామాలో బ్రెజిల్‌తో ప్రపంచకప్ ఫైనల్, 67వ నిమిషంలో రివాల్డో కొట్టిన బంతి నేరుగా కాన్ మీదికే వచ్చింది. జిల్లా స్థాయి గోలీ కూడా పట్టుకోవలసిన బంతి అది. ఆయన చేతుల్లోంచి ముందుకు జారింది, రొనాల్డో పరుగెత్తుకొచ్చి లోపలికి తోసేశాడు. 79వ నిమిషంలో రొనాల్డోయే రెండోది కొట్టాడు, జర్మనీ 0–2 తేడాతో ఓడిపోయింది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. అత్యంత బరువైన రోజున అత్యంత తేలికైన బంతిని వదిలినవాడికి మొదటి వరుసలో చోటు లేదన్నది నా అభిప్రాయం.

వంశధార (నరసన్నపేట)

కాన్ లేకపోతే ఆ జర్మనీ జట్టు యోకహామా దాకా వచ్చేదే కాదు.

పాతగోలీ (శ్రీకాకుళం)

గంటస్తంభం గారూ, మీ మెతుకు సామెత కుండలో అన్నానికి సరిపోతుంది గాని ఇరవై ఏళ్ల ఆటకు సరిపోదు. ఆ గోల్‌ను మీరు సగం నుంచి చెప్పడం మొదలుపెట్టారు. బంతి రివాల్డో కాలి దగ్గరికి ఎలా వచ్చిందో మీరు చెప్పలేదు. జర్మనీ మధ్యవరుసలో హామన్ దగ్గర బంతి ఉంది. రొనాల్డో వెనుక నుంచి వచ్చి ఆ బంతిని లాక్కున్నాడు, రివాల్డోకు ఇచ్చాడు, ఇచ్చి ఊరుకోకుండా గోల్ వైపు పరుగు తీశాడు. ఆ పరుగును అడ్డుకోవలసిన డిఫెండర్లు నిలబడి చూశారు. గోలీ చేతి నుంచి జారిన బంతిని బయటికి తన్నడానికి ఒక్క డిఫెండర్ దగ్గరలో ఉంటే ఆ జారడం ఎవరికీ గుర్తుండేది కాదు. తప్పు చేసినవారు ముగ్గురు నలుగురు ఉన్నా పేరు మాత్రం ఒక్కడికే అంటుకుంది, ఎందుకంటే అతడే చివరివాడు.

ఇక ఆ పోటీలో ఆయన ఏం చేశాడో చెబుతాను. ఫైనల్‌కు ముందు ఆరు మ్యాచ్‌లలో జర్మనీ ఇచ్చిన గోల్ ఒక్కటే, అది కూడా ఐర్లాండ్ మీద ఆఖరి క్షణాల్లో రాబీ కీన్ కొట్టినది. పరాగ్వే మీద 1–0, అమెరికా మీద 1–0, దక్షిణ కొరియా మీద 1–0. నాకౌట్ దశ మొత్తం ఒక్కొక్క గోల్ తేడాతో గడిచిందంటే దాని అర్థం ఏమిటో గోల్ ముందు నిలబడినవారికి తెలుస్తుంది. అమెరికా మ్యాచ్‌లో డోనోవన్ కొట్టిన బంతులను ఆయన ఆపిన తీరు, కొరియా మ్యాచ్ మొదట్లోనే లీ చున్‌సూ కొట్టిన బంతికి ఆయన గాలిలో పూర్తిగా సాగి చేయి అందించిన తీరు నేను ఈనాటికీ మా పిల్లలకు చూపిస్తూ ఉంటాను. ఆ ప్రపంచకప్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ ఆయనకే వచ్చింది. ఒక గోలీకి ఆ బహుమతి దక్కడం అదే తొలిసారి. ఫైనల్‌లో రెండు గోల్స్ కొట్టిన రొనాల్డో ఆ లెక్కలో రెండోస్థానంలో ఉన్నాడు.

లెక్కలమాష్టారు (బొబ్బిలి)

వాదనకు ఆధారంగా కొన్ని అంకెలు పెడుతున్నాను. కాన్ 1969 జూన్ 15న కార్ల్స్‌రూలో పుట్టాడు. ఆ ఊరి క్లబ్బు నుంచే 1987లో జర్మనీ అగ్రశ్రేణి లీగ్‌లోకి వచ్చి, 1994లో బయర్న్ మ్యూనిక్‌కు మారి, 2008 దాకా అక్కడే ఆడాడు. లీగ్‌లో 557 మ్యాచ్‌లు, బయర్న్ తరఫున 8 లీగ్ టైటిళ్లు, 6 జర్మన్ కప్పులు, ఐరోపా క్లబ్బుల పోటీల్లో 1996లో యూఫా కప్, 2001లో చాంపియన్స్ లీగ్. దేశం తరఫున 86 మ్యాచ్‌లు, వాటిలో 49 మ్యాచ్‌లకు కెప్టెన్. ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ బహుమతి ఓటింగ్‌లో 2001, 2002 సంవత్సరాల్లో మూడోస్థానం. గోలీలకు ఆ ఓటింగ్‌లో పై స్థానాలు రావడం ఎంత అరుదో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు.

గంటస్తంభం (విజయనగరం)

మాష్టారూ, అంకెలకు ధన్యవాదాలు. ఆ అంకెల్లో దేనినీ నేను కాదనలేదు, కానీ నా ప్రశ్న వాటిని గురించి కాదు.

పాతగోలీ గారు హామన్ పేరు తెచ్చారు. హామన్ బంతి పోగొట్టుకున్న మాట నిజమే. అయితే మధ్యవరుస ఆటగాడు బంతి పోగొట్టుకోవడం ఒక మ్యాచ్‌లో పదిసార్లు జరుగుతుంది, దాన్ని సరిదిద్దడానికే వెనుక డిఫెండర్లూ వారి వెనుక గోలీ ఉన్నారు. ఇంటికి దొంగ పడితే వీధి చివర దీపం వెలగలేదని కాపలావాడు చెప్పడం సమాధానం కాదు. బంతి ఎత్తులో రాలేదు, మూలకు రాలేదు, ఎవరి కాలికీ తగిలి దారి మార్చుకోలేదు. ఎదురుగా వచ్చిన బంతిని శరీరం వెనుక పెట్టి గుండెకు హత్తుకోవాలన్నది మొదటి రోజు పాఠం. పట్టు కుదరదనుకుంటే పక్కకు తట్టాలన్నది రెండో రోజు పాఠం. ఆయన ఈ రెంటిలో ఏదీ చేయలేదు.

మరొకరు వచ్చి వేలి దెబ్బ గురించి చెబుతారని తెలుసు కనుక ముందే చెబుతున్నాను. ఆ మ్యాచ్‌లో ఆయన కుడిచేతి ఉంగరపు వేలి లిగమెంట్ దెబ్బతిన్నది. దాన్ని సాకుగా చూపడాన్ని ఆయనే ఒప్పుకోలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట కాన్ అనలేదు, ఆయన అభిమానులు ఆయన తరఫున అంటున్నారు.

చంపావతి (నెల్లిమర్ల)

ఇద్దరూ ఒకే నిమిషం చుట్టూ తిరుగుతున్నారు. బరువైన రోజు అన్న కొలతే తీసుకుంటే 2001 మే నెలను ఎందుకు వదిలేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు. మే 19న లీగ్ ఆఖరి రోజు, హాంబర్గ్‌లో తొంభయ్యో నిమిషంలో గోల్ పడి బయర్న్ వెనుకబడింది. అదే సమయానికి షాల్కే మ్యాచ్ గెలిచి ముగించింది, వారి అభిమానులు మైదానంలోకి వచ్చి టైటిల్ తమదేనని సంబరం చేసుకుంటున్నారు. తలలు వేలాడేసుకున్న తన జట్టువారిని కాన్ వెంటపడి లేపి, సాగాలి, ఇంకా సాగాలి అని అరిచి ముందుకు తోశాడు. అదనపు సమయంలో పాట్రిక్ ఆండర్సన్ ఫ్రీకిక్‌తో గోల్ కొట్టి సమం చేయడంతో టైటిల్ బయర్న్‌కే వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మే 23న మిలాన్‌లో వలెన్సియాతో చాంపియన్స్ లీగ్ ఫైనల్ 1–1 దగ్గర ఆగి పెనాల్టీల దాకా వెళితే జహోవిచ్, కార్బోనీ, పెలెగ్రినో ముగ్గురి బంతులూ ఆయనే ఆపాడు. రెండేళ్ల ముందు బార్సిలోనాలో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఆఖరి క్షణాల్లో రెండు గోల్స్ తిని ఇదే కప్పు పోగొట్టుకున్న మనిషి ఆయన. పెలెగ్రినో బంతి ఆపగానే జట్టంతా ఆయన మీద పడింది. ఆ తర్వాత ఆయన ఏడుస్తున్న వలెన్సియా గోలీ కనిజారెస్ దగ్గరికి వెళ్లి ఓదార్చాడు. అది బరువైన రోజు కాదా?

గంటస్తంభం (విజయనగరం)

చంపావతి గారూ, అది బరువైన రోజే, కాదనను. అయితే క్లబ్బు ఫైనల్ వేరు, దేశం ఆడే ప్రపంచకప్ ఫైనల్ వేరు. పైగా పెనాల్టీలో గోలీ మీద బరువు ఉండదు. ఆపితే దేవుడంటారు, ఆపకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎదురుగా వచ్చే సులువైన బంతి దగ్గరే అసలైన బరువు ఉంటుంది.

అరసవల్లి (శ్రీకాకుళం)

పెనాల్టీలో బరువు ఉండదన్న మాటను నేను మొదటిసారి వింటున్నాను.

పాతగోలీ (శ్రీకాకుళం)

గంటస్తంభం గారి వాక్యాలు చదువుతుంటే నాకు ఎదురుగా ఎవరో కూర్చుని నా గురించే మాట్లాడుతున్నట్టు ఉంది కనుక ఒక సంగతి చెప్పక తప్పడం లేదు.

నేను ఏడేళ్లు జిల్లా జట్టుకు గోలీగా ఉన్నాను. ఒక అంతర్ జిల్లా పోటీలో సెమీఫైనల్ రోజున ఉదయం నుంచి ముసురు పట్టింది. మైదానంలో గోల్ ముందు గడ్డి ఎప్పుడో పోయి ఎర్రమట్టి బురదగా మారింది. తొడుగులు ఉన్నవి ఒకే జత, అవి కూడా మొదటి సగానికే నీళ్లు పీల్చి బరువెక్కాయి. రెండో సగంలో ఇలాగే ఎదురుగా, నడుము ఎత్తులో ఒక బంతి వచ్చింది. పట్టాను, పట్టానని అనుకున్నాను, మోచేతి మీదుగా జారి గీత దాటింది. అంతకుముందు రెండు మ్యాచ్‌లలో నేను ఆపిన పెనాల్టీలు ఎవరికీ గుర్తులేవు. ఏడురోడ్ల కూడలి దగ్గర టీ దుకాణంలో ఈనాటికీ నన్ను చూసి చెయ్యి జారినట్టు ఆడించి చూపించేవారు ఉన్నారు. నా కూతురు చిన్నప్పుడు దాని అర్థం ఏమిటని అడిగితే నేను మాట మార్చాను. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లయింది, ఆ చేతి సైగ మాత్రం పోలేదు.

మ్యాచ్ అయ్యాక కాన్ గోల్ స్తంభానికి ఆనుకుని ఒంటరిగా కూర్చున్న ఫోటో మీరందరూ చూసే ఉంటారు. ఆ ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పదిమంది ఉన్నారు, బ్రెజిల్ గెలిచిందని గంతులు వేశారు. నేను పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. ఏడు మ్యాచ్‌లలో తాను చేసిన తప్పు అదొక్కటేననీ, దానికి చాలా కఠినమైన శిక్ష పడిందనీ తర్వాత కాన్ అన్నాడు. ఆ మాటను నేను చదివినప్పుడు నాకు కలిగిన ఊరటను ఎవరూ కొలవలేరు. అందుకే జిల్లా స్థాయి గోలీ కూడా పట్టుకోవలసిన బంతి అని మీరు తేలికగా రాసిన ముక్క నాకు గుచ్చుకున్నది.

పలాస ప్రయాణికుడు (పలాస)

నేను వాదనలోకి రాను. చూసింది చెబుతాను. 2008 మేలో కాన్ ఆట ముగిస్తున్న రోజుల్లో బయర్న్ జట్టు కలకత్తా వచ్చి మోహన్ బగాన్‌తో ఆడింది. ఆ మ్యాచ్‌ను ఆయనకు వీడ్కోలుగా ఏర్పాటు చేశారు. మా స్నేహితులం ముగ్గురం ఇక్కడి నుంచి హౌరా రైలెక్కి జనరల్ పెట్టెలో తలుపు దగ్గర కూర్చుని వెళ్లాం. సాల్ట్‌లేక్ స్టేడియంలో ఆ రోజు లక్ష మందికి పైగా జనం వచ్చారు. మే 27వ తేదీ, ఊపిరాడని ఉక్క. మ్యాచ్ బయర్న్ 3–0తో గెలిచింది గాని ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. రెండో సగంలో ఆయన తన స్థానాన్ని రెన్సింగ్‌కు ఇచ్చి బయటికి నడుస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మోహన్ బగాన్ చొక్కాలు వేసుకున్న పెద్దవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. యోకహామా సంగతి అక్కడ ఒక్కరి నోటా వినబడలేదు.

వంశధార (నరసన్నపేట)

ప్రయాణికుడు గారూ, ఈ ఒక్క జ్ఞాపకం కోసమైనా ఈ చర్చ మొదలైనందుకు సంతోషంగా ఉంది.

గంటస్తంభం (విజయనగరం)

పాతగోలీ గారికి కలిగిన బాధకు విచారిస్తున్నాను. జిల్లా గోలీ అన్న మాటను మిమ్మల్ని ఎరిగి రాయలేదు. అయినా, బాధ వేరు, విచారణ వేరు. మనకు నొప్పి కలిగిందని కొలత మార్చకూడదు.

యోకహామాను పక్కన పెట్టమంటే పెడతాను. 2004 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో రియల్ మాడ్రిడ్‌తో చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో రాబర్టో కార్లోస్ ఫ్రీకిక్ ఆయన శరీరం కింద నుంచి జారి గోల్ అయింది. బయర్న్ గెలవవలసిన మ్యాచ్ 1–1 అయింది, తర్వాత మాడ్రిడ్‌లో 0–1తో ఓడి బయటికి వచ్చింది. అంటే జారడం ఒక్కసారి కాదు. ఇది నేను ఒక్కడినే చెప్పడం లేదు, జర్మనీయే చెప్పింది. 2006లో సొంతగడ్డ మీద ప్రపంచకప్ జరుగుతుంటే శిక్షకుడు క్లిన్స్‌మన్ ఏప్రిల్ 7న తొలి గోలీగా యెన్స్ లేమన్ పేరు ప్రకటించాడు. మొదటి వరుస మనిషినైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారా? ఇంతకంటే తీర్పు ఏం కావాలి?

పాతగోలీ (శ్రీకాకుళం)

అది తీర్పు కాదు, అవమానం. ఎనిమిదేళ్లు దేశం గోల్ కాసిన మనిషి, ఒక సాధారణమైన జట్టును ఫైనల్ దాకా మోసిన మనిషి, సొంత ప్రజల ముందు ఒక్క ప్రపంచకప్ ఆడాలని కోరుకోవడం తప్పా? క్లిన్స్‌మన్ వచ్చీ రాగానే కెప్టెన్ పట్టీ తీసి బాలక్‌కు ఇచ్చాడు. కాన్‌ను సమర్థించిన గోలీల శిక్షకుడు సెప్ మాయర్‌ను 2004లోనే తప్పించాడు. ఆ మాయర్ 1974లో ప్రపంచకప్ గెలిచిన గోలీ. గోలీ గురించి గోలీ చెప్పిన మాట వినకుండా, జీవితమంతా గోల్స్ కొట్టిన మనిషి గోలీని తీసేశాడు. ఏనుగు పడినా గుర్రమంత ఎత్తు ఉంటుందంటారు. ఆ ఎత్తు కూడా కనబడనివాళ్లకు ఏం చెప్పినా ఎక్కదు. గంటస్తంభం గారూ, మీరు మైదానం బయట కూర్చుని తీర్పులు చెబుతున్నారు. మీరు ఎన్నడైనా గోల్ ముందు నిలబడ్డారా? తడిసిన తొడుగులతో, వెనుక ఎవరూ లేకుండా, ఒక్క నిమిషమైనా నిలబడ్డారా? నిలబడనివాళ్లకు ఈ విషయంలో మాట్లాడే అర్హత లేదు.

అరసవల్లి (శ్రీకాకుళం)

పెద్దలు కొంచెం నిదానించాలని మనవి. ఇది ఇద్దరి తగవు కాకూడదు.

గంటస్తంభం (విజయనగరం)

నిలబడలేదు. ఆరేళ్లు కూర్చున్నాను.

మీరు అడిగారు కనుక చెబుతాను. ఇంటర్ నుంచి డిగ్రీ ముగిసేదాకా, ఆ తర్వాత ఒక సంవత్సరం క్లబ్బు జట్టులోనూ నేను రెండో గోలీని. మాకు ఒక సీనియర్ ఉండేవాడు. మంచి గోలీ, నాకు అన్నయ్య వంటివాడు. మొదటి మూడేళ్లు అతడు నాకంటే మెరుగని నేనే అందరితో చెప్పేవాడిని. తర్వాత అతడికి మోకాలు పోయింది, ఎడమవైపు పడలేకపోయేవాడు, ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు, ప్రత్యర్థులకు కూడా తెలుసు. అయినా అతడు ఇన్నేళ్లు సేవ చేశాడు, అతడిని ఎలా తీస్తాం అనేవారు. రోజూ తెల్లవారుజామున అయిదింటికి అయోధ్య మైదానానికి వెళ్లి ఒంటరిగా గోడకు బంతి కొట్టి పట్టుకునేవాడిని. ఆరేళ్లలో నాకు దక్కినవి నాలుగు మ్యాచ్‌లు, అవి కూడా ఫలితంతో పని లేనివి. ముందువరుసలో చోటు లేకపోతే పక్కవైపు ఆడిస్తారు, మధ్యలో ఆడిస్తారు, ఆఖరి పది నిమిషాలైనా పంపిస్తారు. గోలీకి అటువంటిది లేదు. ఉన్నది ఒకటే చోటు, అందులో ఒకడు ఉంటే రెండోవాడు లేనట్టే. నాకు ఇరవై మూడేళ్లు వచ్చేసరికి ఉద్యోగం వచ్చింది, ఆట ముగిసింది. నా చెయ్యి జారిందని ఎవరూ సైగ చేయరు, ఎందుకంటే నా చేతికి బంతి రాలేదు.

లేమన్ కూడా 1969లోనే పుట్టాడు, కాన్ కంటే అయిదు నెలలు చిన్నవాడు. 1998 ప్రపంచకప్, 2000 యూరో (ఐరోపా దేశాల కప్పు), 2002 ప్రపంచకప్, 2004 యూరో, నాలుగింటిలోనూ బెంచీ మీదే కూర్చున్నాడు. 2003–04లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ తన లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచినప్పుడు ప్రతి మ్యాచ్‌లో గోల్ కాసింది అతడే. 2005–06లో చాంపియన్స్ లీగ్‌లో వరుసగా మ్యాచ్ మీద మ్యాచ్ గోల్ ఇవ్వకుండా జట్టును ఫైనల్ దిశగా తీసుకెళుతున్నాడు. అటువంటివాడిని ముప్పై ఆరేళ్ల వయసులో అయిదోసారి కూడా కూర్చోబెట్టడం న్యాయమా? మీరు అవమానం అన్నది నాకు న్యాయంగా కనిపిస్తుంది. కాన్ మీద నాకు కోపం లేదు. సేవ చేశాడు కనుక కదల్చకూడదన్న మాట మీదనే నాకు కోపం.

చంపావతి (నెల్లిమర్ల)

ఇప్పుడు అసలు తగవు బయటపడింది. యోకహామా గోల్ గురించి ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం గాని, మీ ఇద్దరి మధ్య ఉన్న ప్రశ్న అది కాదు. గోల్ ముందున్న ఒక్క చోటు గతంలో కాసినవాడిదా, ఈ రోజు బాగా కాస్తున్నవాడిదా అన్నది ప్రశ్న.

దీనికి కాన్ జీవితంలోనే రెండు వైపులా సాక్ష్యం ఉంది. 1994 ప్రపంచకప్ జట్టులో ఇల్గ్నర్, కోప్కేల వెనుక మూడో గోలీగా ఉన్నది ఈ కానే. 1995 జూన్‌లో స్విట్జర్లాండ్ మీద తొలి మ్యాచ్ దక్కింది గాని, 1996లో జర్మనీ యూరో గెలిచినప్పుడూ 1998 ప్రపంచకప్‌లోనూ కోప్కే వెనుక బెంచీ మీదే ఉన్నాడు. కోప్కే తప్పుకున్నాకనే ఆయనకు చోటు వచ్చింది. అంటే ఇరవై తొమ్మిదేళ్ల దాకా ఆయన కూడా గంటస్తంభం గారి స్థానంలోనే ఉన్నాడు. మాయర్ స్థానంలో క్లిన్స్‌మన్ గోలీల శిక్షకుడిగా తెచ్చుకున్నది కూడా ఆ కోప్కేనే.

లెక్కలమాష్టారు (బొబ్బిలి)

చంపావతి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. 2004 నుంచి 2006 దాకా క్లిన్స్‌మన్ ఇద్దరినీ మార్చి మార్చి ఆడించాడు. పోటీ ఉందని మొదటి నుంచీ బహిరంగంగానే చెప్పాడు.

పాతగోలీ (శ్రీకాకుళం)

గంటస్తంభం గారూ, అర్హత లేదన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. నేను అలా రాయకూడదు. నా వెనుక కూడా ఏడేళ్లు ఒక కుర్రవాడు కూర్చున్నాడు. అతడు ఏం అనుకునేవాడో నేను ఎన్నడూ అడగలేదు. మీ ఉత్తరం చదివాక నిన్న రాత్రి అతడి పేరు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఇంటిపేరు మాత్రమే గుర్తుకు వచ్చింది.

కానీ నేను ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సెమీఫైనల్ గోల్‌తో నా ఆట ఆగిపోలేదు. మరుసటి ఏడాది కూడా శిబిరానికి వెళ్లాను, పది రోజులు సాధన చేశాను, మునుపటి కంటే బాగా చేశాననే అనుకున్నాను. పదకొండో రోజు ఉదయం గోడ మీద అతికించిన జాబితాలో నా పేరు లేదు. నన్ను ఎవరూ పిలవలేదు. నీ చేతులు పూర్వంలా లేవనో, కుర్రవాడు నీకంటే చురుకుగా ఉన్నాడనో, చివరికి ఆ బురదలో జారిన బంతి వల్లనేననో ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఒప్పుకునేవాడిని. సంచి భుజాన వేసుకుని ఆమదాలవలస దాకా బస్సులో నిలబడి వచ్చాను. ఆ రోజు నుంచి నా పేరు తీయడానికి కారణం ఆ ఒక్క గోలే అయి ఉంటుందని నేనే అనుకుంటూ వచ్చాను. కాన్ మీద ఎవరు ఆ గోల్ మాట ఎత్తినా నాకు ఒళ్లు మండడం అందుకే కావచ్చు.

పలాస ప్రయాణికుడు (పలాస)

ఇద్దరి ఉత్తరాలూ మా స్నేహితులకు చదివి వినిపించాను. అందరం చాలాసేపు మాట్లాడలేకపోయాం.

గంటస్తంభం (విజయనగరం)

పాతగోలీ గారూ, గోడ మీద జాబితా చూసి తెలుసుకోవడం ఎవరికీ జరగకూడదు. ఆ విషయంలో మీ పక్షాన నేను నిలబడతాను. మా సీనియర్‌కు కూడా ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని మోకాలు సంగతి మెల్లగా చెప్పి ఉంటే అతడే తప్పుకునేవాడేమో. చెప్పే ధైర్యం లేక ఊరుకున్నవారు అతడికీ మేలు చేయలేదు, నాకూ చేయలేదు. అతడు ఆఖరి రెండేళ్లలో తిన్న గోల్స్ వల్ల జనం మొదటి అయిదేళ్లను మరిచిపోయారు.

నా మొదటి మాటలో ఒకటి సవరించుకుంటాను. 2006 నిర్ణయాన్ని కాన్ స్థాయి మీద తీర్పుగా వాడుకోవడం తప్పే. ఆ ఏడాది ఎవరు ఆడాలన్నదే అక్కడి ప్రశ్న. పైగా ఆ తర్వాత కాన్ చేసిన పనిని ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, నా వాదనకు వ్యతిరేకమైనా నేనే చెబుతాను. పేరు తీసేశాక ఆయన అలిగి జట్టు వదిలిపోలేదు. రెండో గోలీగా వచ్చి కూర్చున్నాడు. జూన్ 30న బెర్లిన్‌లో అర్జెంటీనాతో క్వార్టర్‌ఫైనల్ 1–1 దగ్గర పెనాల్టీలకు వెళ్లింది. బంతులు కొట్టడం మొదలయ్యే ముందు కాన్ లేచి లేమన్ దగ్గరికి నడిచి వెళ్లి, చెయ్యి పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి ఏదో చెప్పాడు. ఇద్దరికీ ఏళ్ల తరబడి పడదని లోకమంతటికీ తెలుసు. లేమన్ మేజోడులోంచి ఎవరు ఎటు కొడతారో రాసిన చీటీ తీసి చూసుకుంటూ అయాలా, కాంబియాసో బంతులు ఆపాడు, జర్మనీ 4–2తో గెలిచింది. అంతకుముందు ఎనిమిదేళ్లు బెంచీ మీద ఉన్నవాడి దగ్గరికి, ఆ ఎనిమిదేళ్లు గోల్ కాసినవాడు నడిచి వెళ్లిన ఆ పది అడుగులను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మా సీనియర్ నా దగ్గరికి ఒక్కసారి అలా వచ్చి ఉంటే బాగుండేదని అనుకుంటూ ఉంటాను.

చంపావతి (నెల్లిమర్ల)

దాని తర్వాతి సంగతి కూడా రాయాలి. జులై 8న స్టుట్‌గార్ట్‌లో పోర్చుగల్‌తో మూడోస్థానం మ్యాచ్. లేమన్ స్థానంలో కాన్‌ను ఆడించి కెప్టెన్ పట్టీ కూడా కట్టారు. మనకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకు మొదలైంది, మా ఇంట్లో నేనూ మా నాన్నగారూ మేలుకుని చూశాం. ఫలితంతో పని లేని మ్యాచ్ అన్నారు గాని, ఆయన మొదటి నిమిషం నుంచి ఫైనల్ ఆడుతున్నట్టే అరిచాడు, దూకాడు. జర్మనీ 3–1తో గెలిచింది, ఆఖర్లో నూనో గోమెస్ కొట్టినది తప్ప గోల్ పోలేదు. అది ఆయన 86వ మ్యాచ్, దేశం తరఫున ఆఖరిది. సొంత ప్రజల ముందు ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ ఆడాలన్న కోరికను పాతగోలీ గారు ఎత్తారు కదా. కోరుకున్న తీరులో కాకపోయినా అది ఆయనకు దక్కింది.

అరసవల్లి (శ్రీకాకుళం)

ఇంతకీ ఆ పదో తరగతి పిల్లవాడికి గంటస్తంభం గారు ఏం చెబుతారు?

గంటస్తంభం (విజయనగరం)

ఆ పిల్లవాడు కూడా రెండో గోలీయే. అందుకే అడిగాడని ఇప్పుడు అనిపిస్తోంది. వచ్చే ఆదివారం బెర్లిన్ పెనాల్టీలకు ముందరి ఆ ఘట్టాన్ని ఫోన్‌లో చూపిస్తాను. మొదటి వరుస సంగతి తర్వాత మాట్లాడుకుంటాం. యోకహామా బంతి పట్టుకోవలసిన బంతే అన్న నా మాటలో మాత్రం మార్పు లేదు.

పాతగోలీ (శ్రీకాకుళం)

పిల్లవాడికి చూపించండి, నా ఆశీస్సులు చెప్పండి. అతడికి తొడుగులు సరైనవి లేకపోతే కొలత రాసి పంపండి, నేను ఒక జత పంపిస్తాను. అయితే యోకహామా గోల్ కూడా చూపించదలచుకుంటే దయచేసి రివాల్డో దగ్గర మొదలుపెట్టకండి. హామన్ దగ్గర నుంచి చూపించండి.